నిస్సీ మీది నీళ్ళు

విశ్వాసమ్మ కర్నూలులో బస్సు దిగేసరికి ఎండ ఇంకా ముదరలేదు గానీ ఆమె కోపం మాత్రం బాగా ముదిరి ఉంది. "మా ఆయన వస్తువు నాకొక్క దినం ఇచ్చేదానికి మీకేమప్పా కష్టం?" అన్న మాటను దారి పొడుగునా నోట్లో తిప్పుకుంటూనే వచ్చింది. కాదనేవాడెవడో ఆమెకింకా తెలియదు. తెలియకపోయినా వాడితో బస్సులోనే రెండుసార్లు పోట్లాడింది, రెండుసార్లూ తనే గెలిచింది.

తుంగభద్ర ఒడ్డుకు దగ్గరలో మాజీ సైనికుల సంఘం వాళ్ళ పాత మిద్దె ఒకటుంది. అందులో ఒక పొడుగాటి గదిని యుద్ధ వస్తువుల ప్రదర్శనశాల చేశారు. సొట్టలు పడిన హెల్మెట్లు, నీళ్ళ సీసాలు, రంగు వెలిసిన ఫోటోలు దాటుకుని పోతే గది చివర గాజుపెట్టెలో, ఎర్ర గుడ్డ మీద, ఆమె మొగుడు ప్రేమయ్య వస్తువు ఉంది. మూరెడు కూడా లేని ఇత్తడి చట్రం. దానికొక చిన్న దుర్భిణి, రెండు బుల్లి అద్దాలు, కింద వేళ్ళతో తిప్పే అంకెల చక్రం. పక్కన అట్టముక్క మీద ఇట్లా రాసి పెట్టారు: "స్టాడిమీటర్. సముద్రంలో ఒక ఓడ నుంచి ఇంకో ఓడకు దూరం కొలిచే సాధనం. 1971 యుద్ధంలో వాడినది." ఇంట్లో దానికంత పేరు లేదు. దూరమద్దం అనేవాళ్ళు, అంతే.

పోయిన వానాకాలంలో ప్రేమయ్య కన్నుమూశాడు. చక్రం మీద ఆయన వేళ్ళు తిరిగిన చోట ఇత్తడి ఇంకా మెరుస్తూనే ఉంది. అది చూసేసరికి విశ్వాసమ్మ కోపం ఎటు పోయిందో పోయింది. ఆ సమయానికే ప్రదర్శనశాల చూసుకునే చంద్రమోహన్ వెనక నుంచి వచ్చి, "ఏం కావాలమ్మా?" అన్నాడు. ఎమ్మిగనూరు మగ్గాల ఇంటి మనిషి, మిలిటరీలో హవల్దారుగా చేసి వచ్చినవాడు. మాట మెత్తన.

విషయం విని తల గోక్కున్నాడు. "ప్రేమయ్య పెద్దాయన ఇది మాకిచ్చేటప్పుడు, ఈస్టరుకు ఒక దినం తీసుకపోతానని మాట తీసుకున్నాడు. నిజమే. ఏటేటా ఇచ్చినాము గూడా. కానీ అది ఆయన చేతికే ఇయ్యల్లని సంఘం తీర్మానం. గాజుపెట్టెలోది ఇంకొకరి చేతికి పోగూడదని రూలమ్మా."

"మొగుడు పోయినాడప్పా. పోయేటప్పుడు ఆయన మీ రూలును అడిగి పోయినాడా?"

చంద్రమోహన్ కుర్చీ లాగి కూర్చోమన్నాడు, కూజాలో నీళ్ళు వంచి ఇచ్చాడు. ఆమె నీళ్ళు తాగి, అసలు సంగతి చెప్పింది.

శ్రీశైలం డ్యాము కట్టినప్పుడు మునిగిపోయిన ఊళ్ళలో వాళ్ళ నల్లగుట్టపాడు ఒకటి. ఊరు మునగడానికి ఏడాది ముందు వాళ్ళ కూతురు నిస్సీ జ్వరంతో పోయింది. మూడేళ్ళ పిల్ల. అప్పటికి ప్రేమయ్య నౌకాదళంలో ఉన్నాడు. సెలవు దొరికి ఇంటికి వచ్చేసరికి సమాధి మీద మట్టి కూడా ఆరిపోయింది. బిడ్డ ముఖం చూడలేకపోయిన ఆ మనిషి బేతంచెర్ల నుంచి ఒక బండ తెప్పించాడు. దాని మీద నిస్సీ అని రెండే అక్షరాలు చెక్కించి వేయించాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకే ఆయన పని చేసిన ఓడ ముసలిదై పోయిందని విరగ్గొట్టారు. దాని మీది దూరమద్దాన్ని ఆ ఓడ అధికారి ప్రేమయ్యకు ఇచ్చాడు, ఆయన దాన్ని పట్టుకుని ఉద్యోగం చాలించి వచ్చాడు. ఊరు ఖాళీ చేయమన్నప్పుడు అందరూ తలుపులు, దూలాలు, మిద్దె బండలు పీక్కుని బండ్లకెత్తుతుంటే, ప్రేమయ్య ఒక్కడే సమాధుల దొడ్డిలో బిడ్డ పక్కన నిలబడి, దూరమద్దం కంటికి పెట్టుకుని చర్చి గంటగోపురాన్ని చూశాడు. చూసి చూసి చక్రాన్ని ఒకచోట ఆపి, ఎర్ర రంగుతో గీత పెట్టాడు.

"ఈ గంటగోపురం ఓడ స్తంభమనుకో," అన్నాడు పెండ్లాంతో. "దీని ఎత్తు నాకు తెలుసు. ఎత్తు తెలిస్తే దూరం తెలిసినట్లే. సమాధుల వరస దీనికి నేరుగా తూర్పుకుండాది, దిక్కు తప్పేది ల్యా. నీళ్ళు ఎన్ని వచ్చినా సరే, గోపురం తలకాయ కనపడితే చాలు, ఈ గీత మీద పెట్టుకుని నిన్ను బిడ్డ కాడికి తీసుకపోతా."

తీసుకుపోయాడు కూడా. ఈస్టరు తెల్లవారితే వాళ్ళ వైపు జనం సమాధులకు సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. నల్లగుట్టపాడు వాళ్ళకు సమాధులు లేవు, నీళ్ళున్నాయి. కొత్త కాలనీ నుంచి నడిచి వచ్చి, గట్టున ఇసుకలో కొవ్వొత్తులు గుచ్చి, అందినకాడికి పూలు విసిరేసి ఇండ్లకు పోతారు. పుట్టి, అంటే గుండ్రటి తట్టపడవ, కట్టించుకుని లోపలికి పోయేది విశ్వాసమ్మ, ప్రేమయ్య మాత్రమే. ఆ సంగతి ఆమె దాచుకునేది కూడా కాదు. "మీరు నీళ్ళకేస్తాండారు పూలు. నేను నా బిడ్డకేస్తాండా," అనేది గట్టు మీది వాళ్ళతో. ఎవరూ తప్పు పట్టలేదు. నిజమే కదా అనుకున్నారు.

"ఈ యేడు ఆ జాగా కనుక్కోల్యాకపోతే, బిడ్డ నాకు రెండోతూరి పోయినట్లే సారూ," అంది విశ్వాసమ్మ. "నేనుండేది ఇంగ ఎన్నాళ్ళో. నా తర్వాత ఆ పిల్లను అడిగేవాళ్ళు ఎవరుండారు?"

చంద్రమోహన్ గాజుపెట్టె దగ్గరికి పోయాడు. తాళం తీశాడు. "వస్తువు ఇంకొకరి చేతికి పోగూడదనే గదా రూలు. నా చేతిలోనే ఉంటాది. నేనూ వస్తా," అన్నాడు.

ఈస్టరు తెల్లవారింది. కాలనీ జనం గట్టుకు చేరకముందే ముగ్గురూ నీళ్ళ దగ్గరున్నారు. మూడో మనిషి పుట్టి నడిపే ఏసేపు. అతనిదీ నల్లగుట్టపాడే, చేపలు పట్టి బతుకుతాడు. ముందు వాళ్ళ నాయన, తర్వాత అతను, ఏటేటా విశ్వాసమ్మ మొగుడూపెండ్లాలను పుట్టిలో తీసుకుపోయింది వాళ్ళే. ఏసేపు పాకే వయసులో ఉండగా అతని తల్లి పోయింది. ఆమెదీ నిస్సీ ఉన్న వరసే, గోపురానికీ నిస్సీకీ నడుమ ఎక్కడో. బండ వేయించే స్తోమత లేక ఒట్టి మట్టి దిబ్బ పోశారు. అది నీళ్ళలో ఎప్పుడో కరిగి ఉంటుంది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. నీళ్ళు ఎన్నడూ లేనంతగా దిగిపోయాయి. ఎప్పుడూ సగమో, ఒక్కోసారి తలకాయ మాత్రమో కనిపించే గంటగోపురం ఇప్పుడు అడుగున అరుగుతో సహా బయటపడి, ఇప్పుడే స్నానం చేసి లేచినట్టు నిలబడి ఉంది. దాని చుట్టూ, సమాధుల దొడ్డి పల్లంలో ఉంది కాబట్టి, ఇంకా నీళ్ళే. పలచటి మంచు నీళ్ళ మీద పరుచుకుని ఉంది. ఆ మంచులో గట్టు ఎక్కడ అయిపోయిందో, నీళ్ళు ఎక్కడ మొదలైనాయో తెలియలేదు. పుట్టి కదిలిందన్న సంగతి కూడా వెనక్కి చూస్తే గానీ తెలియలేదు.

ఎమ్మిగనూరు మనిషికి నీళ్ళతో అలవాటు లేదు. చంద్రమోహన్ ఒక చేత్తో పుట్టి అంచు, ఇంకో చేత్తో తువ్వాలులో చుట్టిన దూరమద్దం పట్టుకుని బిగుసుకుపోయాడు. "ఊపిరి తీసుకో సారూ, దానికి రూలేం అడ్డం రాదు," అంది విశ్వాసమ్మ. ఏసేపు నవ్వాడు. పుట్టి మెల్లగా తిరుగుతూ, తిరుగుతూ ముందుకు పోయింది. కింద నీళ్ళలో రాళ్ళ గోడలు నీడల్లాగా జరిగిపోయాయి. అది పెద్దరెడ్డి దొడ్డిగోడ, అది బావి, అది మా ఇంటి మలుపు అని ఆమె మనసులోనే చెప్పుకుంటూ పోయింది. బావి దగ్గర ఎవరో చేద వేస్తున్న చప్పుడు వినిపించినట్టయింది. తల తిప్పి చూడలేదు. చూస్తే ఆగిపోతుందేమోనని భయం.

"ఇటియ్యి సారూ, నేనే చూస్తా," అంది చెయ్యి చాపి.

ఇన్నేళ్ళలో ఆమె ఒక్కసారి కూడా దాంట్లోంచి చూసి ఎరగదు. ప్రేమయ్య చూస్తూ ఏసేపుకు చెప్పేవాడు, ఆమె కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటూ కూర్చునేది, "ఇదే" అని ఆయన అన్నాకే కళ్ళు తెరిచేది. చంద్రమోహన్ చక్రాన్ని ఎర్ర గీత మీద పెట్టి, దుర్భిణి ఆమె కంటికి ఆనించాడు. "పట్టుకునేది నేనే పట్టుకుంటా, నువ్వు చూడు. పెద్దాయన ఒకతూరి నాకు చూపించినాడు, గోపురాలు రెండు కనపడతాయమ్మా. ఒకటి పైన, ఒకటి కింద. పుట్టి సరైన జాగాకు పోయినప్పుడు, కిందిదాని తలకాయ పైదాని కాళ్ళకు ఆనుకుంటాది."

ఆమెకు మొదట తన కంటిరెప్పలే కనిపించాయి. తర్వాత మంచు. తర్వాత ఆ మంచులోంచి రెండు గోపురాలు తేలివచ్చాయి. రెండూ తడిగా, రెండూ మెల్లగా ఊగుతూ. ఆమె ఊపిరి బిగబట్టింది. ఈ గాజు లోపల ఊరు ఇంకా ఉందేమో అనిపించింది. అందులో గంట మోగబోతున్నట్టు, పిల్లలు చర్చి అరుగు మీద ఆడుకుంటున్నట్టు, అందులో ఒకతె మూడేళ్ళది అయినట్టు తోచింది. ఇన్నేళ్ళూ ఆయన ఒక్కడే ఇది చూస్తూ ఉన్నాడన్నమాట. ఆమెకు అసూయ పుట్టింది.

"వెనక్కి పోనీ, ఏసేపూ. ఇంగా. ఇంగా కొంచెం," అంటూ పోయింది. పుట్టి గోపురానికి దూరంగా, ఇంకా దూరంగా జరిగింది. రెండు గోపురాలు ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నట్టు దగ్గరికొచ్చాయి గానీ తగలలేదు. చివరికి ఏసేపు వెదురు గెడ వేయడం ఆపి, "పెద్దమ్మా, ఇంత దూరం ఎప్పుడూ రాల్యా," అన్నాడు.

ఆమె కన్ను తీసి చూసింది. నిజమే. గోపురం మంచులో చిటికెన వేలంతగా ఉంది. "సారూ, నువ్వు గీత తప్పు పెట్టినట్లుండావు."

"గీత మీదనే ఉండాదమ్మా. చూడు."

"ఒక్కో యేడు ఒక్కోకాడ నిలబెట్టేవాడు పెదనాయన," అన్నాడు ఏసేపు, తప్పు చేసినవాడిలా. "నీళ్ళు శానా ఉన్న యేడు గోపురం పక్కనే. నీళ్ళు తగ్గిన యేడు ఇంగ కొంచెం ఇవతల. అద్దానికి తెలుసుంటాదిలే అనుకున్నా. నేనెవర్ని అడిగేదానికి?"

చంద్రమోహన్ దూరమద్దం వైపు, గోపురం వైపు, నీళ్ళ వైపు మార్చి మార్చి చూశాడు. తర్వాత ఎవరికీ చెప్పనట్టుగా, మెల్లగా అన్నాడు: "ఓడ తేలతాది. నీళ్ళు ఎంత లేస్తే అంత లేస్తాది. దాని స్తంభం ఎత్తు ఎప్పుడూ ఒకటే. గోపురం తేలదు గదమ్మా. నీళ్ళు లేస్తే అది మునుగుతాది, పొట్టిదైతాది. పొట్టిగా కనపడితే, మనం దూరంగా ఉండామనుకుంటాది ఈ అద్దం. దగ్గరికి పో, దగ్గరికి పో అంటాది."

"అంటే?"

"అడుగు బయటపడింది ఈ యేడే. అద్దం నిజం చెప్పేది ఈ యేడే."

విశ్వాసమ్మకు ఒళ్ళు మండింది. "ఆయన సముద్రం మీద బతికిన మనిషి. ఎమ్మిగనూరులో పుట్టిన నీకు తెలిసింది, ఆయనకు తెల్దా?" అని గట్టిగా అనేసింది. అన్నాక ఆ మాటే ఆమెకు తిరిగి తగిలింది. సముద్రం మీద బతికిన మనిషి కాబట్టే. ఆయన కొలిచినవన్నీ తేలేవే. మునిగిపోయి కదలకుండా నిలబడే దాన్ని కొలవాల్సిన పని ఆయనకు ఎన్నడు పడింది? తెలిసి ఉంటే ఆమెకు చెప్పకుండా కడుపులో పెట్టుకునే మనిషి కాడు.

"పోనీ," అంది ఏసేపుతో. ఆమె గొంతు మారిపోయింది. "అది ఎంతవరకు పొమ్మంటే అంతవరకు పోనీ."

కన్ను మళ్ళీ ఆనించింది. పుట్టి ఇంకొంచెం జరిగింది. కింది గోపురం తల పైగోపురం అరుగును మెత్తగా తాకి నిలిచింది. "ఇదే," అంది ఆమె, ఆ మాట తన నోట్లోంచి వస్తున్నందుకు తనే ఉలిక్కిపడి. ఏసేపు గెడ కిందికి దించాడు. బురదలో మెత్తగా దిగింది. కొంచెం పక్కన దించాడు. బురదే. మూడోసారి దించినప్పుడు ఠంగుమని బండ మోగింది.

విశ్వాసమ్మ ఎవరు ఆపుతున్నా వినకుండా చీర మోకాళ్ళ పైకి దోపుకుని నీళ్ళలోకి దిగింది. నీళ్ళు తొడల వరకు ఉన్నాయి. చల్లగా, రాత్రంతా ఎవరూ ముట్టుకోని నీళ్ళు. కాళ్ళ కింద బురద జారింది, దాని కింద నున్నటి బండ తగిలింది. చంద్రమోహన్ ఆమె చెయ్యి పట్టుకుని పుట్టి అంచున వంగి ఉన్నాడు. ఆమె బొటనవేలితో బండ మీది ఒండ్రు తోసింది. వేలికి ఒక గాడి దొరికింది. దాని వెంట పోయింది. అది గుండ్రంగా తిరిగి, పైన ఒక గుడి దగ్గర ఆగింది. ని. వేలు ఇంకో గాడిలో పడింది.

ఆమె అక్షరాలు నేర్చుకున్నది సండే స్కూల్లో, బైబిల్ చదవడానికి. కాలితో చదవాల్సి వస్తుందని ఎవరూ చెప్పలేదు. రెండో అక్షరం అయిపోయేసరికి ఆమె ఏడుస్తోంది. గట్టిగా కాదు, మూడేళ్ళ పిల్ల నిద్ర లేస్తుందేమో అన్నట్టు, నోరు కొంగుతో మూసుకుని. "ఈడుండావామ్మా. ఈడనే ఉండావా," అంది. కాళ్ళను బండ మీద అట్లాగే పెట్టి నిలబడింది. పిల్లలు పెద్దవాళ్ళ కాళ్ళ మీద కాళ్ళు పెట్టి నడవడం నేర్చుకుంటారు చూడండి, అట్లా కదలకుండా, పిల్ల నడిచేదాకా ఆగినట్టు నిలబడింది.

గట్టు మీద పాట మొదలైంది. కాలనీ జనం వచ్చినట్టున్నారు. దూరాన కొవ్వొత్తులు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి.

ఆమెను మళ్ళీ పుట్టిలోకి లాగడానికి ఇద్దరు మగవాళ్ళు అవస్థ పడ్డారు. కూర్చుని, బుట్టలోని కనకాంబరాలు రెండు చేతులతో తీసి నీళ్ళ మీద వదిలింది. పూలు అక్కడే కాసేపు తిరిగి, గాలికి గోపురం వైపు కదిలాయి. అప్పుడు ఆమెకు మొత్తం అర్థమైంది. ఒక్కసారి కూడా తన బిడ్డకు పూలు పెట్టలేదు. ఇన్ని ఈస్టర్లు, ఇన్ని బుట్టలు. గట్టు మీద వాళ్ళను అన్న మాటలు గుర్తొచ్చి ఆమెకు సిగ్గేసింది, చెవులు వేడెక్కేంత సిగ్గేసింది. పూలన్నీ ఎవరెవరివో సమాధుల మీద పడ్డాయి. నీళ్ళు పెరిగిన ఏడు గోపురం పక్కనున్న పాతవాళ్ళకు, తగ్గిన ఏడు వాళ్ళ తర్వాతి వాళ్ళకు, వరస పొడుగునా, ఆ ఊళ్ళో పోయిన ప్రతి మనిషికీ ఎప్పుడో ఒకప్పుడు.

తలెత్తితే ఏసేపు గెడ కదపకుండా కూర్చుని ఉన్నాడు. నిస్సీ నుంచి గోపురం దాకా ఉన్న నీళ్ళ వైపే చూస్తున్నాడు. ఇన్నేళ్ళలో అతను ఒక్క పువ్వు వేసి ఎరగడు. ఎక్కడని వేస్తాడు?

"పెద్దమ్మా," అన్నాడు చివరికి. "ఒక యేడు నువ్వు మల్లెపూలు తెచ్చినావు. కనకాంబరాలు దొరకలేదని."

"తెచ్చినా."

"మా అమ్మకు మల్లెపూలంటే శానా ఇష్టమంట. మా నాయన చెప్పేవాడు." గెడను నీళ్ళలోంచి తీసి ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నాడు. "ఆ యేడు మనం యాడ నిలబడినామో ఎంత తలుచుకున్నా గుర్తు రావడం ల్యా."

ఆమెకూ గుర్తు లేదు. కళ్ళు మూసుకుని కూర్చున్న మనిషికి ఏం గుర్తుంటుంది? చంద్రమోహన్ దూరమద్దాన్ని తువ్వాలులో చుడుతూ, తను లేనట్టే ఉండాలని చూస్తున్నాడు. మంచు కరిగిపోయింది. నీళ్ళ మీద ఎండ పడింది. విశ్వాసమ్మ గోపురం వైపు చూసింది, మధ్యలో ఉన్న నీళ్ళ వైపు చూసింది, ఏసేపు ముఖంలోకి చూసింది.

"సగం గోపురం దాకా ఉండాయి నీళ్ళు ఆ యేడు," అంది. "అవి మీ అమ్మ మీదనే పడినాయి, ఏసేపూ. నాకు బాగా గుర్తుండాది."